ఒత్తులు కుదిరిన సాయంత్రం

ఉదయలక్ష్మికి చదవడమంటే ప్రాణం. నగరిలో ఆమె ఇంటి ముందుగదిలోనే మరమగ్గాలు ఆడుతుంటాయి. ఆ చప్పుడులో ఫోన్ చేత చదివించుకుని విందామన్నా వినబడదు. కళ్లతో చదువుకోవలసిందే. నెట్‌లో మంచి వ్యాసం కనబడితే తర్వాత చదువుదామని దాచుకునేది. అయితే కొంతకాలంగా తలనొప్పి పట్టుకుంది. ఫోన్ వెలుగు చూస్తే చాలు, కణతల్లో పోట్లు. దాచుకున్నవి దాచుకున్నట్టే ఉండిపోయాయి.

ఏర్పేడులో చదువుతున్న మేనకోడలు మోనిక ఆ సంగతి విని, తను వాడి పక్కనబెట్టిన ఈ-రీడర్ తెచ్చి ఇచ్చింది.

"దీంట్లో వెలుగు కొట్టదత్తా, కాగితం మాదిరి ఉంటాది. ఫోన్లో దాచుకున్నెవన్నీ సింక్ నొక్కితే దీంట్లోకి వచ్చేస్తాయి," అని అన్నీ అమర్చి, పరీక్షలున్నాయని వెళ్లిపోయింది.

సింక్ నొక్కితే వ్యాసాలు వచ్చాయి. కానీ తెలుగు అక్షరాలుండాల్సిన చోట వరసగా ఖాళీ గళ్లు. పరీక్షల మధ్య పిల్లను కదిలించడం ఎందుకని, బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే నిస్సార్ దగ్గరికి వెళ్లింది ఉదయలక్ష్మి.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇట్టాంటిది నేనెప్పుడూ పట్టలేదక్కా. పెట్టిపో, సూస్తాను," అన్నాడు.

మర్నాడు సాయంత్రానికి గళ్లు పోయి అక్షరాలు వచ్చాయి. ఆమె ముఖం విప్పారి, అంతలోనే ముడుచుకుంది. ఒత్తులన్నీ అక్షరాల కింద నుంచి ఊడి పక్కన పడి ఉన్నాయి.

"నేను ఉర్దూ బడిలో చదివినోణ్ణక్కా. ఒత్తు యాడుండాల్నో నాకు తెలీదు. నువ్వు కూసోని పైకి చదువు, తప్పున్న సోట ఆపు," అంటూ నిస్సార్ స్టూలు వేశాడు.

పలమనేరు అడవిలో మంద నుంచి తప్పిపోయి చెరుకుతోట చేరిన గున్న ఏనుగు కథ ఆ వ్యాసం. ఆమె ఆగినప్పుడల్లా అతను లాప్‌టాప్‌లో ఫాంటు మార్చి మళ్లీ పంపేవాడు. ఆమె సింక్ నొక్కి మళ్లీ మొదటినుంచి చదివేది. గిరాకీ వస్తే "రేపు రాప్పా" అని పంపేశాడు. చివరికి ఒకసారి ఎక్కడా తడబడకుండా పేజీ దాటింది.

"కుదిరింది నిస్సారూ," అంది.

వెనక బెంచీ మీద కూర్చున్న నిస్సార్ తల్లి దిల్షాద్ బీ అప్పుడు నోరు విప్పింది.

"కుదిరిందని ఆపేస్తే ఎట్లా బిడ్డా? ఇంతసేపూ ఆ పిల్లేనుగును సెరుకుతోట కాడే నిలబెట్టినావు. అమ్మ దగ్గరికి పోయిందా లేదా?"

ఉదయలక్ష్మి నవ్వి, బెంచీ మీదికి జరిగి, చివరిదాకా చదివింది. గున్న మందలో కలిసింది. ముసలామె చేతులెత్తి అల్లాకు కృతజ్ఞతలు చెప్పుకుంది.

లేచి వెళ్లబోతూ ఉదయలక్ష్మి, "నీ మేలు మరిచిపోలేను నిస్సారూ," అంది.

"నువ్వు సేసిందే పెద్దదక్కా. నాయన పోయినాక మాయమ్మ ఇంతసేపు మనసుపెట్టి ఒక మాట వినింది ఈ పొద్దే," అన్నాడతను, తల్లికి వినబడకుండా.

ఇప్పుడు ఆమె మగ్గాల పక్కనే పీట వేసుకుని హాయిగా చదువుకుంటుంది. వ్యాసాలు దాచుకునేటప్పుడు మాత్రం తన కోసం కొన్ని, దిల్షాద్ బీ కోసం కొన్ని. మొన్న బజారుకు పోయినప్పుడు ముసలామె పక్కన చోటు చూపించి, "నేను సముద్రం సూడలేదు బిడ్డా. దాని గురించి ఏమన్నా ఉంటే పట్టకరా," అని అడిగింది.