దాలమ్మను కన్నతల్లి

టెక్కలి నెట్ సెంటర్‌లో జన్యువుల పేజీ సగం తెరుచుకుని ఆగిపోయింది. జువాలజీ లెక్చరరుగా రిటైరైన జనార్దనరావు విసుక్కోలేదు. ఫ్యాను తన వైపే తిరుగుతోంది, అదే పదివేలు.

పక్కన పాతికేళ్ల కామేశ్ ఆసుపత్రి కాగితం పట్టుకుని కూర్చున్నాడు. వాడి తల్లి దాలమ్మ ఏళ్ల తరబడి మాస్టారింటికి చేపలు తెస్తోంది. ఆయన భార్య పోయాక, అడక్కుండానే కోసి, కడిగి మరీ ఇస్తోంది. వాడి తండ్రి తవిటయ్యకు చిన్నప్పుడే చెవుడు, ఇప్పుడు కిడ్నీలూ పాడయ్యాయి. అంతా ఆ చుట్టుపక్కల ఎందరికో వచ్చే ఉద్దానం కిడ్నీ జబ్బే అనుకున్నారు. విశాఖకు రక్తం పరీక్షకు పంపితే, కొలాజెన్ అనే ప్రోటీన్‌లో పుట్టులోపమని, వంశంలో వస్తుందని తేలింది. అప్పటినుంచి కామేశ్ తిరుమలతో అనుకున్న పెళ్లి మాటెత్తనివ్వడు, పరీక్షకూ రాడు.

పేజీ వచ్చింది. ఎక్కడెక్కడి మనుషుల్లోనో కనిపెట్టిన కొలాజెన్ మార్పులన్నీ వరసగా ఉన్నాయి. ఏది జబ్బు తెస్తుందో, ఏది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుందో పక్కనే రాసి ఉంది. కాగితంలోని నంబరు దొరికింది. తవిటయ్యది జబ్బు తెచ్చే మార్పే. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది.

"బతికించాడు దేవుడు. తండ్రి ఎక్స్ కూతుళ్లకే పోతుందిరా. కొడుక్కి తల్లిదే వస్తుంది."

"మాయమ్మ, నాన్నకి సొంత అప్ప కూతురు గదా మాస్టారూ. మేనమావనే సేసుకున్నాది."

జనార్దనరావు వేళ్ల మీద లెక్క వేశాడు. అక్కాతమ్ముళ్లది ఒకే తల్లి. ఆ లోపం అక్కకూ ఉంటే దాలమ్మకు రావచ్చు, ఆమె నుంచి వీడికీ రావచ్చు.

ఆ చుట్టరికం దాలమ్మ నోటే రూఢి చేసుకుందామని ఇద్దరూ చేపల బజారుకు నడిచారు.

"ఏటి మాస్టారూ, మొకాలలా ఏలాడేసినారు? నా సేపలు పాసిపోనాయని సెప్పిందేటి మీ కంప్యూటరు?" అంది దాలమ్మ.

"నిన్ను కన్నది తవిటయ్య అక్కేనా అమ్మా?"

దాలమ్మ చేప కోయడం ఆపి కొడుకు వంక చూసింది. "ఎవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. వీడి కోసం అడుగుతున్నాను."

"నన్ను కన్నది మందస ఊరి మనిసి. పురిట్లోనే పోనాది. తరవాత మా అయ్య ఈడి నాన్న అప్పని సేసుకున్నాడు. ఆయమ్మే పెంచినాది. సవితి తల్లంటే బాదపడతాదని ఎవులమూ ఆ మాటనం. నువ్వూ అనకురా."

"ఆ మందస ఆమె గానీ మీ అయ్య గానీ తవిటయ్య వాళ్లకు అంతకుముందు చుట్టమా?"

"ఏటీ కాదు."

జనార్దనరావు అక్కడే ఐసు పెట్టె మీద కూర్చుండిపోయాడు. "మీ అమ్మకు ఆ లోపం వచ్చే దారే లేదు, మీ నాన్న జబ్బు నీకు రాదురా. ఉద్దానం జబ్బు సంగతి మాత్రం పరీక్షే చెప్పాలి."

"మరెందుకు కూకున్నారు? పదండి," అన్నాడు కామేశ్.

సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. మూత్రంలోనూ రక్తంలోనూ ఏ తేడా లేదు. దాలమ్మ కాగితం అడగలేదు, కొడుకు ముఖం చూసింది.

"మాస్టారూ, రేపు సేపలు రావు. తిరుమలోలింటికెల్లి, ఈడు పెల్లికి ఒప్పుకున్నాడని సెప్పాల."

రేపు పప్పు వండుకోవచ్చు అనుకున్నాడు జనార్దనరావు. అది ఆయన బాగానే వండుతాడు.