షాఫ్ట్ పోయిందన్న మాట

బానెట్ కింద కొత్త ఇంజన్ కనబడగానే సౌభాగ్యకు ఒళ్ళు మండిపోయింది. తన స్పోర్ట్స్ కారుతో పుట్టిన ఇంజన్‌నే కోయంబత్తూరు స్పెషలిస్టు చేత విప్పించి బాగుచేయించాలని ఆమె పట్టుదల.

"పాతది యాడరా?" అని తమ్ముడు మునేష్‌ను నిలదీసింది.

"కారు కంపెనీవాళ్ళు కొత్తదిచ్చి దాన్ని ఎత్తుకుపోయినారు. షాఫ్ట్ పోయిందని నువ్వే కదక్కా ఫోన్లో చెప్తివి!"

వాళ్ళు పుట్టి పెరిగిన గని కార్మికుల ఊరు ఆండర్సన్‌పేటలో షాఫ్ట్ అంటే గని బావి. అది పోయిందంటే ఇక శాశ్వతంగా మూసేసినట్టే.

"నేను చెప్పింది ఇంజన్లో తిరిగే ఇనుప కడ్డీ, ఆ షాఫ్ట్ రా, గాడిదా! అరిగింది, సాన పట్టిస్తే సరిపోయేది. తాత దిగిన బావి అనుకుంటివా?"

"మనకి తెలిసిన షాఫ్ట్ అదే కదక్కా! ఇంగ దాన్ని కరిగించేస్తారంట."

"కరిగించేలోపల పోయి తెస్తాను. కొత్తది వాపసిస్తేనే పాతదిస్తారు. దీన్ని కారులోంచి దించు, ఇప్పుడే!"

స్పానర్ అతని కాళ్ళ దగ్గరికి విసిరి, ఆమె ఇంజన్‌ను మోసుకుపోయే లారీ కోసం రోడ్డు మీదికి నడిచింది.