ఫోను పెట్టేయని వాళ్లు

ఆ హాల్లో ఫోను పెట్టేసే హక్కు అవతలివాళ్లకే ఉంది. తిట్టినా, ఏడ్చినా, ఊరికే ఊపిరి వినిపిస్తూ కూర్చున్నా సరే, హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లు మాత్రం లైను తెంచకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పే మొదటి నియమం అది. హాలుకు కిటికీల్లేవు. లోపలికి రావాలన్నా కార్డు గీకాలి, బయటికి పోవాలన్నా కార్డు గీకాలి.

కంపెనీ అమ్మేది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలో వేషం కట్టి, తమ మనిషి ఏం చేస్తాడో నోటితో చెబుతారు. అది నెగ్గుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. వెనకటికి దీనికి లావుపాటి పుస్తకాలుండేవి. కంపెనీ వాటిని ఫోన్లోకి ఎక్కించి అచ్చు వేయడం మానేసింది. అయినా అందులో ఒక సుఖం ఉండేది. మొత్తం కొనే స్తోమత లేనివాళ్లు తమకు కావలసిన ఒక్క వేషమో, ఒక్క మంత్రమో విడిగా కొనుక్కునేవాళ్లు. ఆ సోమవారం విడి అమ్మకం ఎత్తేశారు. కొంటే కట్ట మొత్తం కొనాలి. అంతటితో ఊరుకోలేదు, ఇదివరకు విడిగా కొన్న వేషాలకూ తాళం బొమ్మ తగిలించారు.

పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. జవాబు ఒకటే, రాసిచ్చిందే. "మీ అనుభవాన్ని మెరుగుపరచడానికే ఈ మార్పు చేశామండీ."

కథలక్క అదే చదువుతోంది. తీరిక దొరికితే కథలు చెబుతుందని హాల్లోవాళ్లు ఆమెకు పెట్టిన పేరది. పక్క సీటు పిల్ల కూడా అదే చదువుతోంది. చేరి నెల తిరగలేదు. అవతల ఎవరో పెద్దాయన కాబోలు, "డబ్బిచ్చి కొన్నానమ్మా, అడుక్కోలేదు" అంటున్నాడు. ఆ పిల్ల కాగితం వంక చూసింది, చూపు తిప్పుకుంది.

"అవునండీ, అన్యాయమే" అంది.

టీమ్ లీడరు వచ్చి వెనక నిలబడ్డాడు. నవ్వితే ఆ నవ్వు ఫోన్లో వినబడుతుందని అస్తమానం చెబుతాడు కనక అతను నవ్వుల సారు. నవ్వుతూనే ఆ పిల్ల తల మీద నుంచి హెడ్‌సెట్ తీశాడు. నవ్వుతూనే తలుపు దాకా నడిపించాడు. హాలంతా చూసింది. ఎవరి నోటి నుంచీ రాసివ్వని మాట ఒక్కటి రాలేదు.

కథలక్క కూడా నోరు మెదపలేదు. దగ్గుతున్న ఒకాయనతో "కాస్త మంచినీళ్లు తాగండి" అన్నందుకు ఆమె మీద అప్పటికే హెచ్చరిక ఉంది. ఇంకో మాట జారితే ఉద్యోగం ఊడుతుంది. భర్త పనిచేసే లిఫ్టుల వర్క్‌షాపు మూతపడ్డాక ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. పొద్దున్నే అత్తగారు టిఫిను డబ్బా చేతికిస్తూ రోజూ ఒకే మాట అంటుంది. "నోరు జాగ్రత్త తల్లీ."

*

ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీ బాబాయి ముందుగదిలో, సెంట్రింగ్ చెక్కలు చేర్చి కొట్టిన బల్ల చుట్టూ నలుగురు ఆ ఆటకే కూర్చున్నారు. అక్కడ కథ నడిపేది కథలక్కే. ప్రతి మలుపులోనూ ఆమె అడిగేది ఒకటే ప్రశ్న: "ఇప్పుడు నువ్వేం చేస్తావ్?" వారం మొత్తంలో ఎవరూ రాసివ్వని మాట ఆమె మాట్లాడేది అక్కడే.

బాబాయి ఫోను బల్ల మీదికి తోశాడు. తెర మీద దివిటీ పట్టుకున్న మనిషి, అతని మొహానికి అడ్డంగా బూడిదరంగు తాళం.

"నా దివిటీవాడు పోయాడు" అన్నాడు.

"పోలేదు బాబాయ్, లోపలేశారు" అన్నాడు లాయరు. అతను చదివేది డిగ్రీ. ప్రతి రూలుకీ అడ్డం తిరుగుతాడని ఆ పేరు. "అందరం సంతకాలు పెట్టి పంపిద్దాం."

"పంపు. చేతులు తుడుచుకోడానికి వాళ్లకూ కాగితం కావాలిగా" అంది నర్సు. "నన్నడిగితే ఆటే మానేద్దాం. వార్డులో పీకులాట చాలదా?"

"తలా కొంచెం వేసుకుని కట్ట కొంటే?" అన్నాడు లాయరు.

"రేపు దానికీ తాళమేస్తారు. అప్పుడేం వేసుకుంటావ్, ఉరా?"

బాబాయి నెమ్మదిగా అన్నాడు. "రోజంతా ఎవడో కాపురముండే ఇంటికి గోడలెత్తి వస్తా. ఈ బల్ల దగ్గర ఒక్క పూట నేను చెప్పింది జరుగుతుంది. అదీ ఒదులుకోమంటే ఎట్లా అమ్మాయ్?"

నర్సు కథలక్క వైపు తిరిగింది. "మీ కంపెనీయేగా అక్కా. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం?"

"కంపెనీ నాదైతే నాకెందుకే ఈ తిప్పలు. వాళ్లు రాసిస్తారు, నేను చదువుతాను. ఆఖరికి ఫోను పెట్టేయాలన్నా మీరే పెట్టేయాలి, నేను పెట్టకూడదు."

"మరి మేం పెట్టేయకపోతే?" అన్నాడు బాబాయి.

"అంత ఓపిక ఎవరికుంది బాబాయ్."

నలుగురూ నవ్వారు. మాట అక్కడితో తేలిపోయింది. దివిటీ లేదు కనక ఆ రోజు కథ గుహ గుమ్మంలోనే ఆగిపోయింది.

*

మర్నాడు కథలక్క చెవిలో పడ్డ గొంతు బాబాయిదే. సిమెంటు పట్టినట్టుండే గరుకు గొంతు.

"అమ్మా, నా వేషానికి తాళం పడింది."

ప్రతి మాటా రికార్డవుతుంది. ఎరిగిన మనిషని తెలియనివ్వకూడదు. కాగితం చూసి చదివింది. అసౌకర్యానికి చింతిస్తున్నామంది. కట్ట కొనుక్కుంటే లాభమంది. అవతల ఆయన ఒక్కో మాటకీ "ఊఁ" అంటున్నాడు, కథ వింటున్నవాడిలా. ఆ ఊకొట్టడమే ఆమె కొంప ముంచింది. చివర "ఇంకేమైనా సహాయం కావాలా అండీ" అని అడగాల్సింది. అలవాటు నోరు లాగేసింది.

"ఇప్పుడు నువ్వేం చేస్తావ్?"

"కూర్చుంటాను" అన్నాడు బాబాయి. "గుహలో చీకటిగా ఉంది కదా. దివిటీ ఇచ్చేదాకా గుమ్మం దగ్గరే కూర్చుంటాను."

"సరేనండీ" అంది ఆమె. ఇంకేమనాలో ఆ కాగితంలో లేదు.

ఆయన ఫోను పెట్టేయలేదు. ఆమె పెట్టేయకూడదు. సీటు మీది దీపం ఎర్రబడింది. నవ్వుల సారు వచ్చాడు.

"ఇంతసేపేంటి? ముగించు."

"కస్టమరు పెట్టేయలేదు సర్."

"ఏమంటున్నాడు?"

"కూర్చుంటానంటున్నాడు సర్."

వెనక సీట్లో ఎవరో దగ్గు నటించి నవ్వాపుకున్నారు.

ఆ సాయంత్రం బాబాయి నోట ఈ సంగతి విన్న లాయరు ఊరుకోలేదు. తమలాంటి ఆట బల్లలు ఎన్ని ఉన్నాయో అన్నిటికీ కబురు పెట్టాడు. ఫోను చెయ్యండి, తిట్టకండి, పెట్టేయకండి. నర్సు కూడా డ్యూటీ దిగి వచ్చి, ఆట మానేద్దామన్న నోటితోనే, వార్డుబాయి నుంచి వంటమనిషి దాకా ఆడేవాళ్లందరికీ చెప్పింది. రెండు రోజులు తిరిగేసరికి హాల్లో సగం దీపాలు ఎర్రగా వెలుగుతున్నాయి. ఒకడు కోటగోడ కింద కూర్చున్నాడు. ఒకావిడ నది ఒడ్డున కూర్చుంది, వెనకాల ఆమె కుక్కరు కూత వినిపిస్తోంది. కాగితం చదవడం అయిపోయాక మాట్లాడటానికి ఏముంటుంది? హాల్లోవాళ్లు ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. "నది లోతెంతండీ? పడవ లేదా?"

*

అద్దాల గదిలో నవ్వుల సారు రికార్డింగు వినిపించాడు. ఆమె గొంతే. "ఇప్పుడు నువ్వేం చేస్తావ్?"

"ఇది మొదలుపెట్టింది నువ్వు."

"నోరు జారింది సర్."

"జారితే ఎత్తుకోవచ్చు. ఆ ముసలాయన నీకు తెలుసు. వెనక ఎవరెవరున్నారో చెప్పు. వాళ్ల ఖాతాలు మూసేస్తాం, నీ సీటు నీకుంటుంది. ఇల్లుంది కదా నీకు."

ఇల్లుంది. పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేక మళ్లీ కూర్చున్న మనిషి ఉన్నాడు. అత్తగారి మాట ఉంది. ఆ పిల్లను తలుపు దాకా నడిపించిన రోజు తన నోటికి అడ్డంపడిన మాట కూడా ఇంకా అక్కడే ఉంది.

"అన్యాయమే సర్" అంది కథలక్క. "ఆ పిల్ల చెప్పింది నిజమే. వాళ్లు కొన్నది వాళ్లకిచ్చెయ్యండి."

అతను నవ్వడం మానేశాడు. అక్కడికక్కడే కంప్యూటర్లో ఆమె కార్డు రద్దుచేసి, తలుపు వైపు చెయ్యి చూపించాడు.

ఆమె సంచీ తీసుకుని తలుపు దగ్గరికొచ్చి కార్డు గీకింది. తలుపు కదల్లేదు. మళ్లీ గీకింది.

"రద్దైన కార్డుకు ఏ వైపూ తెరుచుకోదమ్మా" అన్నాడు వాచ్‌మన్, తలొంచుకుని. "సారు వచ్చి తెరవాలి."

సారుకు తీరిక లేదు. హాలు మధ్య నిలబడి, చేరిన రోజు నేర్పిన నియమాన్ని తనే చెరిపేస్తున్నాడు.

"అందరూ వినండి. ఈ క్షణం నుంచి ఫోను మీరే పెట్టేయొచ్చు. కూర్చుంటాననే ప్రతి కాల్‌నీ కట్ చేయండి. ఇది ఆర్డర్."

ఎన్నేళ్లుగానో లేని హక్కు చేతికొచ్చింది. ప్రతి బల్ల మీదా ఎర్ర బొత్తాం ఉంది. వేలు ఆనిస్తే చాలు.

ఏ బల్ల మీదా వేలు కదల్లేదు.

"వినబడలేదా?" అన్నాడతను. "చెయ్యనివాళ్ల కార్డులూ రద్దవుతాయి."

మొదటి వరసలో ఒకావిడ ఉంది. ఎవరితోనూ కలవదు, డబ్బా కూడా ఒంటరిగా తింటుంది. ఆవిడ మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర బొత్తాం మీద అరచెయ్యి అడ్డంపెట్టి, ఫోన్లో అవతలి మనిషితో మామూలు గొంతుతో అంది.

"ఇక్కడ మాకూ తలుపులు మూసేస్తున్నారండీ. ఇప్పుడు మీరేం చేస్తారు?"

పక్క సీట్లో కార్డు చప్పుడైంది. ఆ పక్క సీట్లో. వెనక వరసలో.

కథలక్క సంచీ కింద పెట్టింది. వాచ్‌మన్ తన స్టూలు ఆమె వైపు జరపబోయాడు.

"వద్దులే అన్నా" అని ఆమె తలుపుకు ఆనుకుని, గుమ్మం దగ్గరే నేల మీద కూర్చుంది.