నూట ఇరవై

బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పనివాళ్లకి నెలకోసారి బీపీ చూస్తారు. ఆవిరికి ఇద్దరు కూలబడ్డాక పెట్టిన రూలు అది. నూట యాభై దాటితే పని పోయినట్టే. వినడానికి ఎంత దయో! కానీ నర్సు పట్టీ కట్టేటప్పుడు సూపర్‌వైజర్ పక్కనే నిలబడతాడు. తనకి కంట్లో నలుసైనవాళ్లని నానా మాటలూ అంటాడు. అంకె దానంతటదే ఎక్కుతుంది.

ఫ్యాన్లు పెట్టమని అడిగింది కాబట్టి ఇప్పుడు అతని కంట్లో నలుసు, అందరూ మిరపకాయ అని పిలిచే ఆవిడ. ఆ పేరు ఆమెకి ఊరికే రాలేదు. పోయిన నెల ఆమె బీపీ నూట నలభై ఎనిమిది. పక్క బల్ల దగ్గర పనిచేసే సొంత అక్కకి మాత్రం పదేళ్లుగా ఒకటే అంకె. తిట్టినా నూట ఇరవై, కాలిన చొక్కా మొహాన కొట్టినా నూట ఇరవై.

"ఎలాగే అక్కా?"

"మాట గొంతు దాకా వస్తుంది చూడు, మింగెయ్. కొన్నాళ్లకి అదే రావడం మానేస్తుంది."

"నీకెప్పుడు మానేసింది?"

అక్క ఇంకో చొక్కా బల్ల మీద పరిచింది. "గుర్తులేదే."

పని పోతే ఇల్లు గడవదు. మిరపకాయ మింగడం మొదలుపెట్టింది. మొదటి వారం కడుపు మండింది. రెండో వారం చల్లారింది. మూడో వారం ఇస్త్రీపెట్టె తగిలి వేలు బొబ్బలెక్కింది. నొప్పి తెలియలేదు. ఇంట్లో కూతురు ఆమె చెయ్యి పట్టుకుని, చటుక్కున వదిలేసింది.

"అమ్మా, నీ చెయ్యేంటి పెద్దమ్మ చెయ్యిలా చల్లగా ఉంది?"

నర్సు వచ్చిన రోజు ముందు అక్క వంతు. పాదరసం నూట ఇరవై దగ్గర ఆగింది. నర్సు చెవిగొట్టాలు సర్దుకుంది, మళ్లీ విన్నది.

"చప్పుడే లేదు. గొట్టం పాడైనట్టుంది," అంటూ నూట ఇరవై రాసేసుకుంది.

మిరపకాయ అక్క మణికట్టు పట్టుకుని చూసింది. అక్కడేమీ కొట్టుకోవడం లేదు.

అక్క నవ్వింది. "భయపడకే. నీక్కూడా అలవాటైపోతుందిలే."

ఆ మణికట్టు వదలకుండానే మిరపకాయ రెండో చేతికి పట్టీ కట్టించుకుంది. సూపర్‌వైజర్ వంగాడు.

"ఏం మిరపకాయా, కారం చచ్చిందా? మీ అక్కలా శవమై పడుండడం నేర్చుకున్నావే!"

మాట గొంతులోకి వచ్చింది. మింగితే పని దక్కుతుంది. అక్క వంక చూసింది. మింగలేదు.

"శవాలతో చాకిరీ చేయించుకుంటున్నావు, సిగ్గులేదురా నీకు!"

షెడ్డు దద్దరిల్లింది. గుండె డప్పులా మోగింది. పాదరసం నూట నలభై, నూట అరవై, నూట ఎనభై.

"దీని పేరు కొట్టెయ్యండి," అన్నాడు సూపర్‌వైజర్.

అప్పుడు మిరపకాయ వేళ్ల కింద ఏదో కదిలింది. ఒక్కసారి. ఆగి, ఇంకోసారి. అక్క నోరు తెరుచుకుంది. పదేళ్లు మింగినవన్నీ ఒక్కపెట్టున పైకొస్తున్నాయి. ఆ గొంతు అక్కది కాదు, ఒక్క మనిషిదీ కాదు, షెడ్డులో మాట మింగినవాళ్లందరిదీ.

సూపర్‌వైజర్ వెనక్కి అడుగేశాడు. వెనక గోడ ఉంది.