పిలుపు వక్క

కనకేశ్వరి ఇంట్లో బోటా, అంటే ఆకూవక్కల పళ్ళెం, ముట్టకుండా వెనక్కి పంపడమంటే ఇక ఆ గడప తొక్కనని చెప్పడమే. కొలాగురి ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. ఆమె ఆడపడుచు పుణ్యప్రభకు తెలియదా? తెలిసే పంపింది. తప్పంతా సంఘంవాళ్ళ నియమానిదని తనకు తాను సర్దిచెప్పుకునేది గానీ, ఆ మాట ఆమెకే మింగుడుపడేది కాదు.

కేన్సర్ సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి నోళ్ళు పరీక్షించేవాళ్ళు ఎక్కడా ఆకూవక్కా నమలకూడదు. అదీ నియమం. వక్క నమలొద్దని చెప్పడానికి వెళ్ళి వక్క నములుతామా అన్నది నల్బారి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళ వాదన. వాదనకేం, బాగానే ఉంది. కానీ మనిషి గుమ్మంలోకి రాగానే కాలున్న ఇత్తడి పళ్ళెంలో పచ్చివక్క, తమలపాకు, సున్నం ముందుకు జరుగుతాయి. ఆ బోటా ముట్టనివాళ్ళ మాట వినేదెవరు? అందుకే పుణ్యప్రభ వక్క పుచ్చుకుని, నోట వేసుకోకుండా కొంగున ముడేసుకునేది. ఇంటివాళ్ళ మర్యాదా దక్కేది, ఆఫీసువాళ్ళ నియమమూ దక్కేది. సాయంత్రానికి ఆ కొంగు బరువుకి మెడ లాగేది.

వదిన దగ్గర మాత్రం ఆ తెలివి చూపించలేదు. సొంత మనుషుల ముందు నాటకాలెందుకులే అనుకుంది. పైగా అన్నయ్య పోయింది నోటి కేన్సర్‌తోనే. అలాంటి ఇంట్లో ఇంకా వక్క పళ్ళెమేమిటని మనసు మండి, పదిమంది చూస్తుండగా బోటాను చేత్తో అవతలికి నెట్టింది. తల్లి పోయిన తనకు చిన్నప్పుడు జడలేసి బడికి పంపిన వదిన బోటా అది.

"ఓహో, బ్యాడ్జీ తగిలించుకుంటే వదిన చెయ్యి కూడా అంటరానిదైపోయిందా!" అంది కనకేశ్వరి. "నా బోటా ముట్టనిదానికి నా నోరెందుకు చూపించాలే? వెళ్ళు, ఊళ్ళో బోలెడు నోళ్ళున్నాయి, చూసుకో!"

అప్పటినుంచి మాటల్లేవు. చిత్రమేమిటంటే, గామోసాలు మాత్రం ఆగలేదు. సంఘం పేరున అమ్మడానికి ఊరి ఆడవాళ్ళు మగ్గం మీద ఎర్రంచు గామోసా తువ్వాళ్ళు నేస్తారు. ఆ డబ్బుతోనే రోగులను గువాహటి ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి నడుస్తుంది. అందరిలోకీ చేయి తిరిగిన నేతగత్తె కనకేశ్వరే. ఎదురింటి కోడలి చేత పంపించి, "కోపం మనిషి మీద, మగ్గం మీద కాదని చెప్పు" అనేది.

ఆదివారం బడిలో శిబిరం. గువాహటి నుంచి డాక్టర్ నస్రీన్ వస్తుంది. ఆమె ఈ వైపుకి మళ్ళీ రావాలంటే వరదలు పోయి, దారులు ఆరాలి.

శనివారం మధ్యాహ్నం పుణ్యప్రభ పెరట్లో బట్టలారేస్తోంది. వదిన ఇంటికీ తన ఇంటికీ మధ్య వెదురు దడి. అవతల నుంచి టకటకమని చిన్న రోట్లో వక్క దంచుతున్న చప్పుడు వచ్చింది. ఎవరో ముసలమ్మ వచ్చిందనుకుని దడి సందులోంచి చూసింది. ఎవరూ లేరు. దంచుతున్నది వదినే.

పళ్ళూడినవాళ్ళు దంచుకుంటారు. వదినకు పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి. అంత పళ్ళున్న మనిషికి రోలెందుకు? ఒక్కొక్కటే గుర్తొచ్చింది. జలుబని నామ్‌ఘర్‌లో భజనపాట ఎత్తుకోవడం మానేసింది. పెళ్ళివారింట్లో కారం తగిలిందని విస్తరి ముందునుంచి లేచిపోయింది. పుణ్యప్రభ చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. ఊరందరి నోళ్ళూ చూసి, దడి అవతలి నోరు చూడలేకపోయినందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

బట్టలు అక్కడే వదిలేసి లోపలికెళ్ళింది. అటక మీది బోటా దించి చింతపండుతో తోమింది. తొక్క తీయని వక్కల జత, రెండు ఆకులు పెట్టి, పైన గామోసా కప్పింది. దొడ్డిదారిన కాకుండా వీధిలోంచి వెళ్ళి, వదిన ముందు బోటా పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని తల నేలకు ఆనించింది. ఇక్కడ పెళ్ళికి పిలిచినా, తప్పు ఒప్పుకున్నా ఇంతే. ఇలా పెట్టిన బోటాను కాదనే మనిషి ఇంకా పుట్టలేదు.

కనకేశ్వరి రోకలి పక్కన పెట్టింది. "ఇదేం చోద్యమే! ఊరందరికీ వక్క మానమని చెప్పి, నాకు తెచ్చిపెట్టావా?"

"తినమని కాదు వదినా. తీసుకోమని. ఆ రోజు చేసింది తప్పే, క్షమించు. రేపు శిబిరానికి రా. పిలవడానికొచ్చాను."

కనకేశ్వరి గామోసా అంచు తడిమి చూసింది. తను నేసిందే. "నా బట్టే కప్పి నన్నే పిలుస్తావూ? గడుసుదానివే!" అంది. "నీ మీద కోపం ఎప్పుడో పోయిందే పుణ్యా. కోపం ఉందంటే ఎవరూ నోరు చూపించమని అడగరు కదా అని అట్టే పెట్టుకున్నా."

"ఎన్నాళ్ళనుంచి?"

"చలికాలం నుంచి. బుగ్గ లోపల తెల్లగా, తోలులా ఉంది." ఆమె నోరు తెరిచింది. మామూలుగా మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. పుణ్యప్రభ పెట్టి చూస్తే రెండో వేలికే పళ్ళు తగిలాయి.

"జబ్బు పేరు తెలిశాక మీ అన్నయ్య ఎన్నాళ్ళున్నాడే? పేరు తెలియకపోతేనే నయమనిపించింది."

"అన్నయ్యకు పేరు ఆలస్యంగా తెలిసింది వదినా. పేరు చంపలేదు, ఆలస్యం చంపింది."

కనకేశ్వరి వక్కల జత తీసి, కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది.

మర్నాడు డాక్టర్ నస్రీన్ టార్చి వేసి చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వక్క మాత్రం ఈ క్షణం నుంచి బంద్ అని చెబుతుంటే ఆవిడ కళ్ళు కొంగు ముడి మీద పడ్డాయి. "అదేమిటమ్మా? పారేయండి."

"పారేయను డాక్టరమ్మా. రోలూ రోకలీ ఇప్పుడే పారేస్తా. ఇది నమిలే వక్క కాదు, నన్ను పిలిచిన వక్క."

పది రోజులకు ఫలితం వచ్చింది: కేన్సరే, కానీ ఇంకా చిన్నది, కోసి తీసేయొచ్చు. గువాహటికి సంఘం బండిలోనే వెళ్ళారు. "ఇన్నేళ్ళు నేసి నేసి నా బండి నేనే నేసుకున్నానన్నమాట," అని దారిలో నవ్వబోయి, బుగ్గ పట్టుకుంది కనకేశ్వరి.

ఆపరేషన్ రోజు గాజులు, ముక్కుపుడక తీసేయమంది నర్సు. కనకేశ్వరి అన్నీ తీసి, చివరికి కొంగు ముడి విప్పి, ఎండిపోయిన ఆ జతను ఆడపడుచు చేతిలో పెట్టింది.

"జాగ్రత్త. నేనొచ్చేలోగా తినేసేవు!"

పుణ్యప్రభ దాన్ని తన కొంగున కట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు తెరిచి, "ఆమె మనుషులెవరు?" అని నర్సు పిలిచేదాకా పిడికిట్లోంచి ఆ ముడి వదల్లేదు.