కొలపలక మీద చిన్న చేప

నేను ఒక చేపల కొలపలకను. నేను పుట్టిన రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు నలుగురు: తెప్పలు చెక్కే లచ్చన్న తాత, తట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్లవెంట చేపలమ్మే అతని భార్య ఎర్రమ్మ, వాళ్ల మనవరాలు మాలచ్చి, నంద్యాల నుంచి వచ్చి పక్కగదిలో అద్దెకు దిగిన తస్లీమా. గుమ్మంలో పిల్లి కూడా ఉంది గాని దాని ధ్యాసంతా వంటింటి మీదే.

తాత తన పాత తెప్పలోంచి దుంగ కోసి, మీటరు పొడవున నన్ను చదును చేశాడు. ఎర్రగా కాల్చిన మేకుతో సెంటీమీటరుకొక గీత పెట్టాడు. ఒక చివర చిన్న అడ్డుచెక్క కొట్టాడు. చేప మూతిని దానికి ఆనించి, తోక ఎక్కడిదాకా వచ్చిందో చదవాలి.

"నలభయ్యేళ్లు సముద్రంలో తిరిగినావు. ఇంక ఒడ్డునుండి లెక్క సెప్పు" అని నా వీపు తట్టాడు. చెక్కముక్కతో మనుషులు ఎంత ప్రేమగా మాట్లాడతారో! పక్కింటి సూరన్నతో తాత అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

తస్లీమాది సముద్ర విధాన ఫెలోషిప్. అంటే చదువుకున్నవాళ్లు ఒడ్డున ఉండి, వేటని కళ్లారా చూసి, వేట నియమాలు ఎలా ఉండాలో ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి. ఆ అమ్మాయి అంతకుముందు సముద్రమే చూడలేదట. మొదటివారం చేపని తోకపట్టి ఎత్తితే అది జారి నా మీదే పడేది. ఎర్రమ్మ విరగబడి నవ్వేది. "తస్లీమమ్మా, అది సేపే, పాము కాదు!"

రోజూ పడవలు ఒడ్డుకు రాగానే తస్లీమా కొలిచేది, మాలచ్చి తన డైరీలో రాసేది. మాలచ్చి నోరు విప్పదు. బళ్లో పేరు పిలిస్తే పక్కపిల్ల "ఉంది మాస్టారూ" అనాలి. డైరీలో మాత్రం బోలెడు మాటలు. చేపల కొలతల కింద రోజుకో వాక్యం ఉండేది. "ఈరోజు తస్లీమక్క అలకి భయపడలేదు." "తాత నవ్వాడు, ఎందుకో చెప్పలేదు." రాస్తూ రాస్తూ మోచెయ్యి నా మీద ఆనించేది. ఆ వెచ్చదనం ఇప్పటికీ గుర్తే.

రెండో ఏడు ఒక ఉత్తరం వచ్చింది. నిధులు తగ్గాయి, కొన్ని ఊళ్లలో ఫెలోషిప్ ఎత్తేస్తారు, మా ఊళ్లో దాన్ని ఉంచాలో వద్దో చూడటానికి ఒకాయన వస్తాడు. తస్లీమా ముఖం వాడిపోయింది. పెద్ద పడవలు సన్నకళ్ల వలలతో ఒడ్డుదాకా వచ్చి, ఎదగని చేపల్ని ఊడ్చుకుపోతున్నాయని ఆమె సగం రాసింది. ఫెలోషిప్ పోతే ఆ సగం సగంగానే మిగిలిపోతుంది.

అందరికంటే ముందు లేచింది ఎర్రమ్మే. తట్టలో చేపలతోపాటు, తస్లీమాని ఉంచమని రాయించిన ఒక కాగితం, సిరాడబ్బీ పెట్టుకొని బయల్దేరింది. "ఏలుముద్రెయ్యి. లేపోతే ఈయేళ నీకు సేప నేదు." వారం తిరిగేసరికి మూడువందల పన్నెండు ముద్రలు పడ్డాయి. వాటిలో కొన్ని చేపపొలుసుతో సహా.

ఆ పెద్దమనిషి పేరు పరమేశ్వరం. ఆయన వచ్చిన రోజు వీధంతా మా వాకిట్లోనే ఉంది. ఇంటికొచ్చినవాడి కంట చిన్న చేప పడకూడదన్నది ఆ వాడ మర్యాద. అందుకని ఎర్రమ్మ తెల్లారకముందే ఆటో కట్టించుకొని, నగరం రేవుకెళ్లి మూడు పెద్ద వంజరాలు తెచ్చింది. మా ఊళ్లో వాటిని కోనాం అంటారు. తళతళలాడే కోనాన్ని గర్వంగా నా మీద పరిచింది.

ఆయన కళ్లద్దాలు సర్దుకొని చదివారు. "తొంభై రెండు! బ్రహ్మాండంగా ఉందే. చేపలు చిన్నవైపోతున్నాయని రాశారు గదమ్మా తస్లీమా? సముద్రం నిక్షేపంలా ఉంది. ఇంక ఇక్కడ ఫెలోషిప్ ఎందుకు?"

తస్లీమా నోరు తెరిచింది. ఎర్రమ్మ ముఖం చూసి మూసుకుంది. అన్నం పెట్టిన చెయ్యిని పదిమందిలో ఎలా చిన్నబుచ్చుతుంది? నాకు తొంభై రెండే తెలుసు. అది ఎక్కడి చేపో చెప్పే గీత తాత నాకు పెట్టలేదు.

అప్పుడు మాలచ్చి వంటింట్లోకి వెళ్లింది. మధ్యాహ్నం కూరకని దాచిన గిన్నె తెచ్చి, అందులోంచి ఒక కోనాం పిల్లని తీసి, పెద్దచేపని పక్కకు జరిపి నా మీద పెట్టింది. ఇరవై ఏడు. దాని బరువు నాకు తెలియనే లేదు.

"ఓలమ్మో! ఇంట్లో కూరకెట్టుకున్న సేపలు బాబుగారి ముందరెడతావేటే! పరువు తీసీసినావు, నడు లోపలికి!" ఎర్రమ్మ మనవరాలిని రెక్క పట్టుకొని గదిలోకి నెట్టి ధడాలున తలుపేసింది.

కాసేపటికి తలుపు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది, ముందు సన్నగా, తర్వాత స్పష్టంగా.

"జూన్ ఇరవై. మన రేవు. కోనాం పదకొండు. అన్నిట్లో పెద్దది ముప్పై ఒకటి. జూన్ ఇరవై ఒకటి. కోనాం తొమ్మిది. పెద్దది ఇరవై తొమ్మిది..."

ఎర్రమ్మ గడియ మీద చెయ్యి వేసింది. "ఉండవే" అన్నాడు లచ్చన్న తాత. "తలుపు తియ్యకు. తీస్తే మరి మాటాడదు."

ఎర్రమ్మ అక్కడే గుమ్మంలో కూలబడింది. "పెద్దవి మా రేవుయి కావు బాబూ. తవరొస్తారని తెచ్చినాను" అంది, కొంగు నోటికడ్డం పెట్టుకొని.

పరమేశ్వరం గారు కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకొని, కలం తీశారు. "మెల్లగా చదువమ్మా. రాసుకుంటున్నాను."

ఫెలోషిప్ ఒక్క ఏడాదికి పొడిగించారు. మంచిపనికి మనుషులు ఆయుష్షు ఏడాది చొప్పునే పోస్తారు. ఆ ఏడాదిలో తస్లీమా మిగిలిన సగం రాసేసింది. వెళ్లేటప్పుడు నన్ను వెంట తీసుకెళ్లింది. ఇప్పుడు వాళ్ల ఆఫీసు గోడ మీద, వార్నిష్ పూసుకొని, మేకుకు వేలాడుతున్నాను. చేపల నీచు పోయింది. మోచేతి వెచ్చదనం లేదు. వచ్చినవాళ్లు చూసి, "అబ్బ, ఎంత నునుపుగా ఉందో" అంటారు.

ఇక్కడ ఎవరు ఏ గది తలుపు వేసినా నేను మాత్రం కాసేపు చెవులు రిక్కించి ఉంటాను, లోపలినుంచి ఎవరైనా తారీఖు చదువుతారేమోనని.