బొట్టు నల్లగా పడాలి

మంచు.

కాలవ మీద మంచు, కొబ్బరాకుల మీద మంచు... అవతలి గట్టు కనిపించడం లేదు. ఊరికింకా రంగులు రాలేదు.

శ్రీదుర్గకు కావలసిన వెలుగు ఇదే.

మేనమామ పెళ్ళిళ్ళ ఫొటోలకు తిప్పి తిప్పి పక్కన పడేసిన డిజిటల్ కెమెరా ఆమె మెడలో ఉంది. అరుగు మీద, గోడకు ఆనుకుని, మామ్మ పెద్దింట్లమ్మ. లోపల గోడ మీద తాతయ్య — ఒక్కరే — పాతికేళ్ళ వయసులో, నలుపు తెలుపుల్లో.

ఆయన పక్కన మామ్మ ఫొటో పెట్టాలి. రీలు కాలం నాటి ఫొటోలా ఉండాలి. నలుపు, తెలుపు, మధ్యలో ఆ బూడిద మెత్తదనం.

“రంగుల్లో తీసి పక్కన పెడితే పెళ్ళాంలా ఉండనే, ఆయనకి అమ్మలా ఉంటాను,” అంది మామ్మ.

“నలుపు తెలుపుల్లో అయినా ముడతలు పోవు మామ్మా.”

“పోకపోతే పోనీ. ఒక్క కాలం వాళ్ళలా ఉంటే చాలు.”

గొంతు తగ్గించి — “అమ్మడూ... మీ అమ్మ కుంకం బరిణి ఇలా తే.”

శ్రీదుర్గ ఆగిపోయింది. తాతయ్య పోయిన నాటి నుంచి ఆ నుదురు ఖాళీ. తనకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఖాళీ.

“ఫొటోలో నల్లగానే కదే పడేది? నల్లచుక్కని ఎవరేవంటారు? మీ నాన్న చూస్తే ఊరుకోడు. సామర్లకోటలో మీ అమ్మని రైలెక్కించి వచ్చేలోగా తుడిచేసుకుంటాను.”

శ్రీదుర్గ బరిణి తెచ్చింది. మామ్మ వేలి కొసతో బొట్టు పెట్టుకుంది. అద్దం అడగలేదు. చోటు వేలికి గుర్తుంది.

శ్రీదుర్గ కెమెరాను నలుపు తెలుపుల మోనోక్రోమ్‌కు మార్చింది. ఐఎస్ఓ పెంచింది — పాత రీలులోలా సన్నని ఇసక రాలినట్టు ఉండాలని. మెనూలో ఎర్ర ఫిల్టర్ పెట్టింది — మామ్మ ముఖం నునుపుగా రావాలని.

క్లిక్.

మామ్మ కెమెరా తెర మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

“నా బొట్టేదే?”

లేదు. ఎర్ర ఫిల్టర్ ముడతలను కరిగించింది. బొట్టు ఎరుపునూ తెల్లబరిచింది. నుదురు... మళ్ళీ ఖాళీ.

“దీనికీ తెలిసిపోయిందా ఏంటి?” నవ్వబోయింది మామ్మ. నవ్వు రాలేదు.

శ్రీదుర్గకు ఏదో చెప్పాలనిపించింది. చెప్పడం ఆమెకు రాదు. వేళ్ళకు వచ్చు. ఎర్ర ఫిల్టర్ తీసేసింది. ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టింది.

ఆకుపచ్చలో ఎరుపు నల్లబడుతుంది. ముడతలూ నల్లబడతాయి — ఒక్కొక్కటీ, దున్నిన చేలో చాళ్ళలా.

“కదలకు మామ్మా.”

“ఆయన పక్కన కూర్చున్నా. కదుల్తానా?”

క్లిక్.

తెర మీద ముసలి ముఖం. రీలు కాలం నాటి బూడిద వెలుగు. గుండ్రంగా, నల్లగా, నిండుగా — బొట్టు.

మామ్మ వేలితో తెరను తాకింది. “ఇద్దరం...” అంది.

వీధి చివర నాన్న బండి చప్పుడు.

మామ్మ చెయ్యి కొంగు అందుకుంది. నుదుటి దాకా లేచింది... అక్కడే ఆగింది.

మంచు విడిపోతోంది. ముందు అవతలి గట్టు పచ్చబడింది. తరువాత అరుగు తెల్లబడింది. తరువాత —

ఎర్రగా, మామ్మ నుదురు.